ఎల్క్ వేటకీ, 1000 గజాల గురికీ ఒకే బోల్ట్ యాక్షన్ రైఫిల్ సరిపోతుందా?

ఒంగోలుగిత్త:
కొలరాడోలో ఈసారి ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) ట్యాగ్, అంటే వేట అనుమతి, ఉంది. మిగతా ఏడాదంతా టెక్సాస్‌లో రేంజికి వెళ్లి 600 నుంచి 1000 గజాల దాకా ఇనప పలకల మీద కాల్చడం. రెండు రైఫిళ్లు కొనే ఉద్దేశం లేదు. 6.5 క్రీడ్‌మూర్ తూటా వాడే బెర్గారా బీ-14 హెచ్‌ఎంఆర్ రైఫిల్ తీసుకోమని కొందరంటున్నారు. అంతకంటే బలమైన 7 ఎంఎం పీఆర్‌సీ తూటా లేకుండా ఎల్క్ జోలికే పోవద్దని ఇంకొందరు. నాది హెచ్-1బీ వీసా. మీ మాట కారణంతో సహా చెప్పండి.

పాతమందుగుండు:
ఏ క్యాలిబర్ అన్న గొడవ తర్వాత, ముందు తూకం తేల్చు తమ్ముడూ. హెచ్‌ఎంఆర్ వట్టిదే 4 కిలోల పైమాట. దానిమీద పెద్ద స్కోపు, రింగులు, బైపాడ్, నిండు మ్యాగజైన్ ఎక్కిస్తే 6 కిలోలకి అటూ ఇటూ. రేంజిలో ఆ బరువు వరమే. తన్ను (పేల్చినప్పుడు భుజానికి తగిలే వెనక్కి తోపు) తగ్గుతుంది, పేల్చాక కూడా పలక స్కోపులోంచి జారిపోదు, రౌండు ఎక్కడ తగిలిందో పక్కవాడు చెప్పనక్కర్లేదు. అదే బరువు 10,000 అడుగుల ఎత్తున, మంచులో, ఏటవాలు ఎక్కేటప్పుడు ప్రాణం తీస్తుంది. ఊపిరి ఎగబోస్తున్నవాడి చేతిలో ఎంత మంచి రైఫిలైనా ఒకటే.

అలాగని టిక్కా టీ3ఎక్స్ లైట్ లాంటిది కొన్నావనుకో, 3 కిలోల లోపే ఉంటుంది, మోయడానికి హాయి. కానీ సన్న బ్యారెల్. వరసగా నాలుగైదు పేల్చేసరికి వేడెక్కి గ్రూపు (రౌండ్లు పడ్డ గుంపు) విచ్చుకుంటుంది, బ్యారెల్ మీంచి లేచే వేడిగాలికి స్కోపులో పలక ఈదులాడుతుంది. ఎల్క్‌కి కావలసింది చల్లటి బ్యారెల్ నుంచి మొదటి రౌండు, మహా అయితే రెండోది. రేంజిలో పూటకి 60 పేలుస్తావు. రెంటికీ పొత్తు కుదరాలంటే మధ్యరకం మందం బ్యారెల్, స్కోపుతో కలిపి నాలుగున్నర కిలోలు. ఆ తూకంలో 6.5 క్రీడ్‌మూర్ చాలు, అయితే ఎల్క్ మీద 400 గజాలు దాటకు.

వరంగల్ పోరడు:
నాలుగున్నర కూడా ఎక్కువే అన్నా. పొద్దుగాల 4 గంటలకు లేసి గుట్ట ఎక్కేటోనికి అర కిలో తేడా మస్తు తెలుస్తది. నడుముకు కట్టుకున్న నీళ్లు, తిండి, కత్తులు అన్నీ ఉంటయి గదా. నన్నడిగితే వేటకు తేలికది ఒకటి, రేంజికి బరువుది ఇంకోటి. ఒక్క దానితోని రెండు పనులంటే రెండూ సగం సగమే అయితయి.

నిక్కచ్చి:
తూకం సరే మాష్టారూ, ఎల్క్ అంటే మగది 300 కిలోలు. దాన్నెందుకు పక్కన పెడుతున్నారు? తూటాల కంపెనీ హార్నడీ వాళ్ల 143 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) ఈఎల్‌డీ-ఎక్స్ బుల్లెట్ 6.5లో సెకనుకి 2700 అడుగుల వేగంతో బయల్దేరి 500 గజాల దగ్గర 1300 అడుగు-పౌండ్ల శక్తికి దిగిపోతుంది. ఎల్క్‌కి చాలామంది పెట్టుకునే 1500 గీత 400 దగ్గరే తెగిపోతుంది. 2022లో వచ్చిన 7 పీఆర్‌సీ 175 గ్రెయిన్లని 3000 వేగంతో తోస్తుంది. 500 దగ్గర కూడా 2000 అడుగు-పౌండ్లు మిగులుతాయి. గంటకి 10 మైళ్ల అడ్డగాలిలో అదే దూరానికి 6.5 పద్నాలుగు, పదిహేను అంగుళాలు పక్కకి పోతే ఇది పన్నెండు. రేంజిలోనూ లాభమే, కొండ మీదా లాభమే.

పాతమందుగుండు:
1500 అనేది వేటగాళ్లు పెట్టుకున్న కొండగుర్తే గానీ శాసనం కాదు. కొలరాడో నియమం ప్రకారం ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్లు. 6.5 దాన్ని ఆడుతూ పాడుతూ దాటుతుంది. శక్తి అంకె కంటే తగిలేటప్పటి వేగం చూడండి. ఈఎల్‌డీ-ఎక్స్ లాంటిది లోపల సరిగ్గా విచ్చుకోవాలంటే 1800 అడుగుల వేగం ఉంటే నిశ్చింత, మొత్తం రాగి బుల్లెట్‌కి 2000 అనుకోండి. 400 గజాల దగ్గర 6.5కి ఇంకా 2150 ఉంటుంది.

మీరు వదిలేసింది భుజం సంగతి. 3.6 కిలోల రైఫిల్‌లో 6.5 తన్ను 12, 13 అడుగు-పౌండ్లు. 7 పీఆర్‌సీ దానికి ఇంచుమించు రెట్టింపు. కొత్తవాడు పూటకి 60 పేలిస్తే ఇరవయ్యో రౌండు నుంచే ట్రిగ్గర్ లాగకముందే ఒళ్లు బిగుస్తుంది, కళ్లు మూసుకుంటాయి. ఆ జడుపు పట్టిందో లేదో తెలియాలంటే మ్యాగజైన్‌లో మధ్యమధ్య ఉత్తుత్తి రౌండ్లు కలిపి పక్కవాణ్ణి నింపమనండి. పేలని రౌండు దగ్గర బ్యారెల్ కిందికి ముంచితే దొంగ దొరికినట్టే. బ్యారెల్ కొసకి మజిల్ బ్రేక్ (వాయువుని పక్కలకి తోసే బిగింపు) పెడితే తన్ను తగ్గుతుంది, నిజమే. కానీ చెవులకి ఏమీ లేకుండా కొండ మీద దాన్ని పేల్చకూడదు. పక్కనున్నవాడి చెవులు మరీ పోతాయి.

ఇంకోటి ఖర్చు. 6.5 బ్యారెల్ 2500 రౌండ్ల వరకూ పోటీగురికి పనికొస్తుంది. 7 పీఆర్‌సీ 1500 లోపే గొంతు (తూటా కూర్చునే చోటు దాటగానే ఉండే బ్యారెల్ భాగం) కాలి గురి తప్పడం మొదలెడుతుంది. రేంజిలో నెలకి 120 చొప్పున లెక్కేసుకోండి, ఏడాదికే కొత్త బ్యారెల్.

సీమటపాకాయ:
.308 తూటాని అందరూ కలిసి సమాధి చేసేశారేం? 1952 నుంచి ఉంది, బ్యారెల్ 5000 రౌండ్లు మోస్తుంది, ఏ పల్లెటూరి కొట్లో అడిగినా డబ్బా దొరుకుతుంది. విమానంలో తూటాల పెట్టె తప్పిపోతే 7 పీఆర్‌సీ వాడు ఏం చేస్తాడు, ఎల్క్‌ని రాళ్లతో కొడతాడా?

నిక్కచ్చి:
వేటకి .308ని ఎవరూ కాదనరు. 1000 గజాల మాట వచ్చేసరికే ఇబ్బంది. 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ బుల్లెట్ అంత దూరానికి ధ్వని వేగం దగ్గరికి పడిపోయి తడబడుతుంది. 175 వాడాలి. అదే 10 మైళ్ల గాలిలో 500 గజాల దగ్గరే 168కి గాలి కొట్టుడు 20 అంగుళాలు దాటుతుంది. గాలి అంచనాలో 2 మైళ్లు తప్పితే 6.5 వాడు మూడంగుళాలు తప్పుతాడు, మీరు నాలుగు పైన. 1000 దగ్గర ఆ తేడా ఇంకా సాగుతుంది.

కాగితంపులి:
ముఖ్యమైన ముక్క ఎవరూ ముట్టుకోలేదు. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకి తుపాకీగానీ తూటాలుగానీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ అడ్డు లేదు. మీకున్న ప్రధాన మినహాయింపు, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. దుకాణంలో 4473 ఫారం (తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ పత్రం) నింపేటప్పుడు దాని నకలు చూపించాలి. కొన్నాక లైసెన్సు గడువు అయిపోతే ఇంట్లో రైఫిల్ ఉండటమే నేరం అవుతుంది, కాబట్టి గడువు తేదీకి ముందే కొత్తది తీసుకోండి. రాష్ట్రాల నియమాలు వేరేగా ఉండొచ్చు, వకీలుని ఒకసారి అడిగితే నష్టం లేదు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. వేటలో ఒంటి మీద 500 చదరపు అంగుళాల మెరుపు నారింజ లేదా గులాబీ రంగు కూడా.

ఒంగోలుగిత్త:
లైసెన్సు గడువు సంగతి నిజంగా తెలియదు, థాంక్స్ అండీ. పాతమందుగుండు గారూ, మీరు చెప్పిన తూకానికి టిక్కా సీటీఆర్ 6.5లో సరిపోతుందనిపిస్తోంది. వట్టిది మూడున్నర కిలోల చుట్టుపక్కల, 10 రౌండ్ల మ్యాగజైన్. కొన్నాక ఏం చూసుకోవాలి? కంపెనీ 1 ఎంవోఏ (100 గజాల దగ్గర ఇంచుమించు అంగుళం) హామీ నమ్మొచ్చా?

పాతమందుగుండు:
మంచి ఎంపిక. హామీలు సాధారణంగా మూడు రౌండ్ల గ్రూపుకి. మూడు ఒకచోట పడటంలో అదృష్టం పాలు చాలా. 10 రౌండ్లు ఒకే గురిబిందువు మీద, మధ్యలో బ్యారెల్ చల్లారనిస్తూ పేల్చు. 100 గజాల దగ్గర అవి అంగుళంన్నరలో పడ్డాయంటే రైఫిల్‌కి వంక పెట్టకు.

గురి తప్పే రైఫిళ్లలో చాలావాటికి రోగం మరలలో ఉంటుంది. టార్క్ రెంచి లేకుండా స్కోపు బిగించకు. రింగుల పైమరలు 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు, రింగు తయారీదారు వేరే అంకె చెబితే అదే. స్టాక్ (భుజానికి ఆనించే రైఫిల్ ఒళ్లు) మరలు ప్లాస్టిక్‌కి 40, 45, లోపల అల్యూమినియం దిమ్మ ఉంటే 65. రెంటి మీదా మాన్యువల్‌దే తుదిమాట. రెమింగ్టన్ 700 తరహా రైఫిళ్లలో స్కోపు బేసు (రింగులు కూర్చునే పట్టీ) ముందు మర పొడుగైతే కొస బ్యారెల్ మరలకి గుచ్చుకుంటుంది, బేసు బిగిసినట్టే ఉండి కదులుతుంది. వెనక మర పొడుగైతే బోల్టు పట్టేస్తుంది.

తర్వాత స్కోపు పరీక్ష. 100 గజాల దగ్గర నిలువు కాగితం మీద తూకందారంతో నిట్టగీత గీయి. కింద బిందువు మీద ఒక గ్రూపు, అదే బిందువు మీద గురి ఉంచి స్కోపుని 10 మిల్ (కోణం కొలత) పైకి తిప్పి ఇంకో గ్రూపు. సరిగ్గా 36 అంగుళాలు పైకి పోవాలి, గీత మీదే పోవాలి. 35కి పోతే గురి లెక్కలు వేసే ఫోన్ యాప్‌లో ఆ సవరణ వేసుకో. గీత పక్కకి వాలితే స్కోపు వంకరగా బిగించావు.

టెక్సాస్ నుంచి కొండకెక్కితే 100 గజాల జీరో (ఆ దూరానికి స్కోపుకి సరిపెట్టిన గురి) పెద్దగా మారదు గానీ ప్రయాణంలో స్కోపు దెబ్బ తినొచ్చు, దిగగానే మూడు పేల్చి చూసుకో. 500 దగ్గర లెక్క మారుతుంది, గాలి పల్చన. యాప్‌లో వాతావరణ వార్తల పీడనం కొట్టకు. అది సముద్రమట్టానికి సవరించిన అంకె. నువ్వు నిలబడ్డచోటి పీడనం కావాలి, లేకపోతే యాప్ గాలి చిక్కగా ఉందనుకుని ఎక్కువ తిప్పమంటుంది, రౌండు ఎల్క్ వీపు మీంచి పోతుంది. బోల్టులో చిక్కటి నూనె ఉంటే తుడిచెయ్యి. చలికి గడ్డకట్టి ఫైరింగ్ పిన్ నెమ్మదించి ప్రైమర్ (తూటా అడుగున మందు అంటించే బిళ్ల) పేలకపోవచ్చు.

వరంగల్ పోరడు:
సీటీఆర్ అయితే నేను గూడ ఒప్పుకుంట. గని 20 అంగుళాల బ్యారెలా, 24దా?

పాతమందుగుండు:
సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) బిగించే ఆలోచనుంటే 20. అంగుళానికి 20, 25 అడుగుల వేగం పోతుంది, అంటే మొత్తం మీద 100 దాకా. ఎల్క్ మీద 400 పరిమితిని 350కి దించుకుంటే చాలు. సప్రెసర్ వద్దనుకుంటే 24.

నిక్కచ్చి:
350కి దించుకోవాల్సి వచ్చిందంటే 7 పీఆర్‌సీ గురించి నేనన్నది తప్పు కాదన్నమాట.

పాతమందుగుండు:
350 దాటిన ఎల్క్‌కి ఇంకో 100 గజాలు దగ్గరికి నడవడం ఉంది. బరువు నాలుగున్నర కిలోలే కదా.