అప్‌డేట్: వీడియో కాల్‌లో పాప ఇప్పుడు నాతో ఆడుకుంటోంది

నేను దుబాయ్‌లో పనిచేస్తున్నాను, జగిత్యాలలో ఉన్న మా మూడేళ్ల పాప వీడియో కాల్ చేస్తే ఫోన్ వదిలేసి పారిపోతోంది, ఏం చేయాలి అని ఇంతకుముందు అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

అన్నిటికంటే బాగా పనిచేసింది "తిన్నావా, ఏం చేస్తున్నావ్" అని అడగడం మానేసి, తను ఆడుకుంటుంటే చూస్తూ కూర్చోవడం. వాళ్ల నానమ్మ ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెడుతుంది, పాప చిన్న స్టీలు గిన్నెల్లో ఉత్తుత్తి అన్నం వండి కెమెరాకు ముద్ద పెడుతుంది, నేను ఇక్కడ "ఆమ్" అని తిని కారం ఎక్కువైందంటే పరిగెత్తి గ్లాసు తెస్తుంది.

టైమ్ కూడా మార్చాం. ఇక్కడ గంటన్నర వెనక కాబట్టి నేను డ్యూటీ దిగేసరికి తను నిద్రమత్తులో ఉండేది. ఇప్పుడు పొద్దున 6.30కి, బస్సెక్కే ముందు చేస్తున్నా, అక్కడ 8 అవుతుంది, పాలు తాగే టైమ్.

కొత్తగా దుబాయ్ వచ్చేవాళ్లకు ఒక మాట. ఇక్కడ వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి కానీ కాల్స్ కలవవు, నేను బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో చేస్తున్నా, అది ఇంటివాళ్ల ఫోన్‌లోనూ ఉండాలి, బయల్దేరే ముందే వేసి నేర్పించి రండి.

కాల్ పెట్టేసేటప్పుడు మాత్రం ఇంకా ఏడుస్తోంది. దానికి ఏదైనా ఉపాయం తెలిస్తే చెప్పండి.