టీఎంటీ పాజిటివ్ వస్తే నేరుగా యాంజియోగ్రామ్‌కు వెళ్లాలా?

ప్రశ్న:
మా అమ్మగారికి 58 ఏళ్లు. పదేళ్లుగా బీపీ ఉంది, షుగర్ లేదు. మేడమెట్లు ఎక్కేటప్పుడు ఛాతీ మధ్యలో పట్టేసినట్లు ఉంటోందని, రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతోందని చెప్పడంతో గతవారం టీఎంటీ (ట్రెడ్‌మిల్‌పై నడిపిస్తూ ఈసీజీ చూసే పరీక్ష) చేయించాము. ట్రెడ్‌మిల్ ఎక్కడం అదే మొదటిసారి కావడంతో ముందున్న కడ్డీని వదలకుండా నడిచి, 6 నిమిషాల 20 సెకన్లకు ఆయాసంతో ఆపేశారు. నొప్పి మాత్రం రాలేదు. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం 1 మి.మీ. దిగిందని, పరీక్ష పాజిటివ్ అని రాసి, యాంజియోగ్రామ్ (గొట్టం ద్వారా గుండె రక్తనాళాల్లోకి మందు పంపి ఎక్స్‌రేలో చూసే పరీక్ష) చేయించుకోమన్నారు. మణికట్టు దగ్గర గొట్టం వేస్తారంటేనే అమ్మ భయపడుతున్నారు. అంతకుముందు చేయదగిన పరీక్ష ఏదైనా ఉందా?

జవాబు 1:
నేను టీఎంటీ గదిలో టెక్నీషియన్‌ని. టీఎంటీలో సాధారణంగా వాడే బ్రూస్ పద్ధతిలో గంటకు 2.7 కి.మీ. వేగం, 10 శాతం వాలుతో మొదలై, మూడు నిమిషాలకోసారి రెండూ పెరుగుతాయి కనుక అమ్మగారు మూడో దశలోకి వచ్చారు. అయితే కడ్డీ మీద బరువు మోపి నడిస్తే శ్రమ తగ్గుతుంది. ఆ నిమిషాలను చూసి ఓపిక బాగుందనుకోకూడదు. చివరి పేజీలోని ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా పూర్తి ప్రింటు అడిగి తీసుకోండి. నాడి ఎంతదాకా పెరిగింది (220లోంచి వయసు తీసేస్తే 162, అందులో 85 శాతం సుమారు 138, కనీసం అక్కడిదాకా చేరాలి), ఎస్‌టీ గీత అడ్డంగా దిగిందా, ఏటవాలుగా పైకి లేస్తోందా, ఆపాక ఎన్ని నిమిషాలకు మామూలయింది, నడకలో బీపీ పడిపోయిందా అన్నవి అందులో ఉంటాయి.

జవాబు 2:
నేను కార్డియాలజీలో శిక్షణ పొందుతున్న వైద్యుణ్ని. గుండె రక్తనాళాల్లో పూడిక లేకపోయినా టీఎంటీ పాజిటివ్ రావడం స్త్రీలలో తరచుగా చూస్తాము. బీపీ వల్ల గుండె గోడ మందమైనా ఎస్‌టీ దిగవచ్చు. అలాగని కొట్టిపారేయవద్దు, ఎందుకంటే శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే ఆ పట్టు యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి) లక్షణమే. ఏ రక్తనాళంలో ఎంత పూడిక ఉందో టీఎంటీ చెప్పలేదు. శ్రమలో గోడ కదలిక ఎక్కడ మందగిస్తోందో స్ట్రెస్ ఎకో, రక్తం ఎక్కడ తక్కువగా అందుతోందో థాలియం స్కాన్, నాళాల లోపలి పూడికను సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ (గుండె దాకా గొట్టం వేయకుండా చేసే స్కాన్) చూపిస్తాయి. స్కాట్లాండ్‌లో 4,146 మందిపై జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనంలో, మామూలు పరీక్షలకు సీటీ తోడైనవారిలో ఐదేళ్లలో గుండెపోటు లేదా గుండెజబ్బు మరణం 2.3 శాతం, మిగిలినవారిలో 3.9 శాతం ఉన్నట్లు 2018లో వెల్లడైంది. పూడిక కనబడినవారికి సరైన మందులు మొదలుకావడం అందుకు ముఖ్య కారణంగా భావిస్తారు. మీ అమ్మగారికి నేనైతే ముందు సీటీనే ఎంచుకుంటాను. దానికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూడాలి, నాడిని 60 దగ్గరికి తేవాలి. అయితే మొదటి దశలోనే మార్పులు వచ్చినా, నడకలో బీపీ పడిపోయినా మీ డాక్టరుగారు చెప్పినట్లు నేరుగా యాంజియోగ్రామే సరైనది. కూర్చున్నప్పుడు కూడా నొప్పి, చెమటలు వస్తే ఏ పరీక్ష కోసమూ ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

జవాబు 3:
మా నాన్నగారు మోకాళ్ల నొప్పులతో నడవలేకపోతే, నడకకు బదులు మందు ఎక్కించి థాలియం స్కాన్ చేశారు. ముందురోజు నుంచి కాఫీ, టీ మానమన్నారు. ఉదయం అలవాటుగా అర గ్లాసు కాఫీ తాగేసినందుకు పరీక్ష మర్నాటికి వాయిదా పడింది. బీపీ మాత్రలు ఆపాలో వద్దో మాత్రం తప్పక అడగండి, మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న అడిగినవారు:
ప్రింటు చూశాను. నాడి 141 వరకు వెళ్లింది, బీపీ పడిపోలేదు, ఆపిన రెండో నిమిషానికే గీత మామూలయింది. రేపు క్రియాటినిన్ రిపోర్టుతో వెళ్లి సీటీ గురించి డాక్టరుగారిని అడుగుతాము.