టీనేజ్ పిల్లల కోసం చవగ్గా వేరే "సోషల్ ఫోన్" చేయడం అవసరమా, మామూలు చవక స్మార్ట్‌ఫోన్ చాలదా?

బొత్తాంఫోన్
నా మాట ముందే చెప్పేస్తా, అవసరమే. 14, 15 ఏళ్ళ పిల్లలకి ఫోన్ అంటే ఫ్రెండ్సే, మెసేజ్, ఫోటో, గ్రూపు, అంతకుమించి వాళ్ళు వాడేది తక్కువ. ఒకప్పుడు కంపెనీలకి ఈ సంగతి బాగా తెలుసు. 2002లో సైడ్‌కిక్ వచ్చింది, స్క్రీన్ తిప్పితే కింద కీబోర్డ్ ఉండేది, 2008లో ఫేస్‌బుక్ కోసమే అన్నట్టు ఐఎన్‌క్యూ1 వచ్చింది, 2009లో రంగురంగుల శామ్‌సంగ్ కార్బీ, 2012లో నోకియా ఆశా 205కి ఫేస్‌బుక్ బటనే విడిగా పెట్టారు. ఇప్పుడు చవక అంటే పెద్ద ఫోన్‌కి నాసిరకం కాపీ. అన్నీ ఉంటాయి, ఏదీ సరిగ్గా పనిచేయదు. కీప్యాడ్‌తో, నాలుగు పనులే అయినా గట్టిగా చేసే ఫోన్ పిల్లల కోసం మళ్ళీ ఎవరైనా చేయాలి. మీరేమంటారు?

రిపేర్‌బెంచ్
11 ఏళ్ళ నుంచి ఫోన్లు రిపేర్ చేస్తున్నా అన్నా, మీ లిస్టులో ఉన్నవన్నీ ఎలా పోయాయో కూడా రాయండి మరి. "పిల్లల కోసం" అని ముద్ర వేసిన ఫోన్ ఏదో ఒక సర్వీసుకి కట్టేసి ఉంటుంది, ఆ సర్వీసు మూసేస్తే ఫోనూ పోయినట్టే. మైక్రోసాఫ్ట్ కిన్ చూడండి. కుర్రాళ్ళ కోసమే అని 2010 ఏప్రిల్ 12న చూపించారు, మేలో అమ్మకానికి పెట్టారు, జూన్ 30న ఆపేశాం అని చెప్పేశారు. రెండు నెలలు కూడా లేదు. ఫోటోలన్నీ ఆన్‌లైన్లో దాచే కిన్ స్టూడియోని 2011 జనవరిలో మూసేశారు. కొన్నవాళ్ళ సంగతేంటి?

చందమామలో_కుందేలు
కార్బీ పసుపు రంగుది ఉండేది నా దగ్గర. ఆ వెనక కవర్లు మార్చుకోవడం భలే ఉండేది.

బొత్తాంఫోన్
కిన్ పోయింది ఫోన్ బాగోలేక కాదు, నెల బిల్లు వల్ల. ఫోన్ పిల్లల ఫోన్, డేటా ప్లాన్ మాత్రం పూర్తి స్మార్ట్‌ఫోన్ ప్లానే తీసుకోవాలన్నారు. ఏ తల్లిదండ్రులు కడతారు? ఆ తప్పు నెట్‌వర్క్ కంపెనీది, ఆలోచనది కాదు.

రిపేర్‌బెంచ్
బిల్లు ఒక్కటే కాదు. యాప్ స్టోర్ లేదు, క్యాలెండర్ లేదు, ఫ్రెండ్స్ పోస్టులు 15 నిమిషాలకోసారి గానీ అప్‌డేట్ అయ్యేవి కావు. ఫ్రెండ్స్ కోసమే చేసిన ఫోన్లో ఫ్రెండ్ మాట పావుగంట లేటుగా వస్తే దేనికది?

బొత్తాంఫోన్
బ్యాటరీ నిలవాలని అలా చేసి ఉంటారు. బిల్లు సగానికి తగ్గించి ఉంటే కిన్ బతికేది, రాసిపెట్టుకోండి.

రిపేర్‌బెంచ్
బతికేది కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లు అప్పటికే దిగుతున్నాయి, లోపల మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఇంకో ఫోన్ సాఫ్ట్‌వేర్, విండోస్ ఫోన్ 7 తయారు చేసుకుంటున్నారు. కిన్‌ని ఎవరు పట్టించుకుంటారు.

ముగ్గురి_తల్లి
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఎప్పుడో 2010లో పోయిన ఫోన్ గురించి ఇంత కొట్టుకోవడం ఎందుకండీ. ఇప్పుడు పిల్లలకి ఏం కొనాలి అన్నది కదా ప్రశ్న. మా ఇంట్లో అసలు బాధ స్టోరేజ్. పెద్దవాడికి కొత్త చవక ఫోన్ కొన్నాం, 16 జీబీ అని రాశారు, అందులో ఎక్కువ భాగం ఫోన్ సాఫ్ట్‌వేరే తినేసింది, వాడి క్లాస్ గ్రూపులో రోజుకి యాభై ఫోటోలు, వీడియోలు, రెండు నెలల్లో "స్థలం లేదు" అని మొదలు. రోజూ కూర్చుని డిలీట్ చేయడమే వాడి పని. రెండోదానికి నేను మూడేళ్ళు వాడిన నా ఫోన్ ఇచ్చేశా, అది ఇప్పటికీ శుభ్రంగా నడుస్తోంది. పాతదైనా కాస్త పెద్దది ఇవ్వడమే మేలని నాకు అనుభవం మీద తెలిసింది.

రిపేర్‌బెంచ్
అక్కా కరెక్ట్‌గా చెప్పారు. నేనూ అదే చెప్తా అందరికీ. ఒక్కటి చూసుకోండి, పాత ఫోన్లో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఉండొచ్చు, బ్యాంకు యాప్‌లు అందులోంచి తీసేసి ఇవ్వండి. బ్యాటరీ సుమారు 500 సార్లు పూర్తిగా ఎక్కి దిగాక 80 శాతం దగ్గరికి పడిపోతుంది, అది మార్పించుకోవచ్చు. వెనక కవర్ కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందని అర్థం, చార్జింగ్ పెట్టకండి.

చివరిబెంచి
ఈ చర్చ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయా. నాకిప్పుడు 26. నాకు 15 ఏళ్ళప్పుడు మా నాన్న ఇలాంటి ఫోనే కొన్నారు, పిల్లల కోసమని, కీప్యాడ్, సోషల్ బటన్, అన్నీ ఉన్నాయి. ఆరు నెలలు నేనే రాణిని. తర్వాత మా ఫ్రెండ్స్ అంతా వేరే యాప్‌కి మారిపోయారు, అది నా ఫోన్లో ఎక్కదు. ఎవరూ నన్ను తీసేయలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. స్కూల్లో నాటకం రిహార్సల్ టైమ్ మార్చారు, గ్రూపులో పెట్టారు, అంతే. నేను వెళ్ళి మూసి ఉన్న గేటు దగ్గర గంటసేపు నిలబడ్డా. మర్నాడు అందరూ "అయ్యో నువ్వు గ్రూపులో లేవు కదా, మర్చిపోయాం" అన్నారు. కావాలని చేసి ఉంటే పోట్లాడేదాన్ని. మర్చిపోయినవాళ్ళతో ఏమని పోట్లాడతాం? రెండోసారి, మూడోసారి కూడా అలాగే జరిగాక నేనే వెళ్ళడం మానేశా. ఆ నాటకంలో నా వేషం వేరే అమ్మాయి వేసింది.

అందుకే చెప్తున్నా, నాలుగు పనులే చేసే ఫోన్ వద్దు. ఆ నాలుగూ ఏవో మీరు ఇవాళ నిర్ణయిస్తారు, పిల్లలు ఆర్నెల్లలో ఐదోదానికి వెళ్ళిపోతారు.

చందమామలో_కుందేలు
చదివి గుండె పట్టేసింది అక్కా.

బొత్తాంఫోన్
మీకు జరిగింది బాధాకరమే కానీ అది ఫోన్ తప్పు ఎలా అవుతుంది? ఎస్సెమ్మెస్ ప్రతి ఫోన్లోనూ వస్తుంది. నిజమైన ఫ్రెండ్స్ అయితే 160 అక్షరాల్లో "రిహార్సల్ 5కి కాదు 3కి" అని కొట్టలేరా? పైగా కీప్యాడ్ ఫోన్లో టైపింగ్ ఎంత స్పీడు, చూడకుండా కొట్టేవాళ్ళం.

చివరిబెంచి
పాతిక మందికి ఒక్క మెసేజ్ పెట్టి పని అయిపోయిందనుకునే వయసులో, ఒక్కదాని కోసం విడిగా గుర్తుపెట్టుకుని ఎస్సెమ్మెస్ ఎవరు చేస్తారండీ. నేను గేటు దగ్గర నిలబడ్డ సంగతి చెప్తుంటే మీరు కీప్యాడ్ స్పీడు గురించి మాట్లాడుతున్నారు.

బొత్తాంఫోన్
కీప్యాడ్ గురించే ఎందుకంటే చర్చ పెట్టిందే దాని గురించి. స్క్రీన్ పెద్దదయ్యేకొద్దీ పిల్లలు రాత్రి రెండింటి దాకా వీడియోలు చూస్తారు. బటన్ ఫోన్లో మెసేజ్ చూసుకుని పక్కన పెడతారు.

రిపేర్‌బెంచ్
అన్నా పాయింట్ ఆవిడే చెప్పేసింది కదా. 2018 డిసెంబర్ 31తో నోకియా ఎస్40 అనే పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోన్లకి వాట్సాప్ ఆపేశారు. ఆశా 205 లాంటివి ఆ కోవలోవే. ఫోన్ ఆన్ అవుతుంది, కీప్యాడ్ పనిచేస్తుంది, బ్యాటరీ మూడ్రోజులొస్తుంది, గ్రూపు మాత్రం లేదు. ఇలాంటివి పట్టుకుని "అన్నా ఎలాగైనా ఎక్కించవా" అని పిల్లలు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎక్కదు తమ్ముడూ అని చెప్పి పంపించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

దీపస్తంభం
రాత్రి రెండింటి దాకా వీడియోలన్న మాట మాత్రం నిజం. మా తమ్ముడి మార్కులు చూస్తున్నా. నేను బొత్తాంఫోన్ గారితోనే.

ముగ్గురి_తల్లి
దానికి రాత్రి పది తర్వాత ఫోన్ హాల్లో పెట్టమంటే సరిపోతుంది కదా దీపస్తంభం. మాతో సహా అందరివీ హాల్లోనే.

బొత్తాంఫోన్
చివరిబెంచి గారూ ఒక మాట. మీరు చెప్పే తీరు చూస్తే ఫోన్ కొనిచ్చిన మీ నాన్నదే తప్పన్నట్టుంది. ఆయన స్తోమతు కొద్దీ కొన్నారు. పిల్లలకి ఈ వయసులో కొంచెం తక్కువలో సర్దుకోవడం నేర్పడం తప్పా? మీ తరానికి ఎంత ఇచ్చినా ఫిర్యాదే.

చివరిబెంచి
మా నాన్నని నేను ఒక్క మాట అనలేదు. మళ్ళీ చదవండి. ఆయన స్తోమతు సంగతి మీకెలా తెలుసు? నేను రాయలేదే. మీరు మీ గురించి చెప్పుకుంటున్నారు. అడుగుతున్నానని ఏమనుకోకండి, మీ ఇంట్లో ఈ వయసు పిల్లలున్నారా? వాళ్ళకి అలాంటి ఫోన్ ఇచ్చారా?

దీపస్తంభం
పర్సనల్‌గా వెళ్ళకండి ప్లీజ్.

బొత్తాంఫోన్
ఉంది. అమ్మాయి, 15. బటన్ ఫోన్ కొనిచ్చా. అందులో తప్పేముంది. స్మార్ట్‌ఫోన్ చెడగొడుతుందని చెప్పా, విన్నది. ఈమధ్య ఇంటికి రాగానే మాట్లాడటం తగ్గించింది, ఈ వయసులో అందరూ అంతేగా అనుకున్నా.

చివరిబెంచి
ఇంకొక్కటే అడుగుతా, జవాబివ్వకపోయినా పర్లేదు. స్మార్ట్‌ఫోన్ చెడగొడుతుందని కొనలేదా, కొనలేక చెడగొడుతుందని చెప్పారా?

రిపేర్‌బెంచ్
(ఈలోగా చవక ఫోన్ కొనేటప్పుడు ఏం చూడాలని ఎవరో అడిగారు కాబట్టి చెప్తున్నా. కొత్తది చవగ్గా కొనేవాళ్ళు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అన్నది చూడకండి, ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత, అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తామన్నారు, మెమరీ కార్డ్ స్లాట్ ఉందా, ఇవి చూడండి. 2017లో గూగుల్ ఆండ్రాయిడ్ గో అని తెచ్చింది, 1 జీబీ, అంతకంటే తక్కువ ర్యామ్ ఫోన్ల కోసం. అలాంటివి మెసేజ్‌లకి సరిపోతాయి, గ్రూప్ వీడియో కాల్ దగ్గర కష్టపడతాయి.)

బొత్తాంఫోన్
నిన్న జవాబు రాసి రెండుసార్లు డిలీట్ చేశా.

కొనలేక. ఆ సంవత్సరం ఉద్యోగం పోయింది. మళ్ళీ దొరికింది కానీ అప్పులున్నాయి. ఆ మాట 15 ఏళ్ళ పిల్లకి చెప్పి ఏం చేయాలి? ఇంటి డబ్బు బరువు దాని నెత్తిన పెట్టనా? నీ మంచికే అంటే దానికి కనీసం మనశ్శాంతిగా ఉంటుంది. నాన్న కావాలని ఇవ్వలేదు అనుకున్నా ఫర్వాలేదు, నాన్న వల్ల కాలేదు అనుకోకూడదు. మీకు పిల్లలు పుడితే అప్పుడు తెలుస్తుంది.

చివరిబెంచి
మా నాన్న కూడా సరిగ్గా ఇదే చెప్పారు, నీ మంచికే అని. నాకు తెలుసండీ. ఆయన షూ ఎన్నేళ్ళుగా అవే వేసుకుంటున్నారో నేను రోజూ చూస్తున్నా కదా. తెలిసి కూడా తెలియనట్టు ఉండాల్సొచ్చింది, అది ఎక్కువ బరువు. డబ్బు లేదమ్మా అని ఉంటే, మా అత్త ఇంట్లో స్క్రీన్ పగిలిన స్మార్ట్‌ఫోన్ ఒకటి ఊరికే పడి ఉండేది, అది అడిగి తెచ్చుకునేదాన్ని. నీ మంచికే అన్నాక ఇంకేం అడుగుతా? అడిగితే చెడిపోవాలనుకుంటున్నట్టే కదా. గేటు దగ్గర నిలబడ్డ సంగతి ఇంట్లో ఈరోజుకీ చెప్పలేదు.

ముగ్గురి_తల్లి
నేను ఇక్కడ చివరిబెంచి వైపే, కానీ బొత్తాంఫోన్ గారూ మీరు ఇంతమందిలో ఆ మాట చెప్పడం చిన్న విషయం కాదు. మా ఇంట్లో మేము డబ్బు సంగతి పిల్లలకి చెప్తాం, ఎంత ఉందో కాదు, ఈ నెల కుదరదు అని మాత్రం. పెద్దవాడు ఒకరోజు మొహం ముడుచుకుంటాడు, అంతే.

దీపస్తంభం
నేను ఇంకా ఒప్పుకోను. డబ్బున్నా సరే స్మార్ట్‌ఫోన్ 18 దాకా ఇవ్వకూడదు. మీరంతా డబ్బు వైపు తీసుకెళ్ళిపోయారు చర్చని.

రిపేర్‌బెంచ్
కిన్ విషయంలో మాత్రం బిల్లు ఒక్కటే కారణం కాదని మళ్ళీ చెప్తున్నా.

బొత్తాంఫోన్
కిన్ విషయంలో నా మాట నాదే. కీప్యాడ్ మాట కూడా వెనక్కి తీసుకోను, మంచి కీప్యాడ్‌తో, కొత్త యాప్‌లు కూడా ఎక్కే చవక ఫోన్ ఎవరైనా చేస్తే పిల్లలు ఎగబడతారు. పిల్లకి డబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది ఇంకా ఆలోచిస్తున్నా, చివరిబెంచి గారితో పూర్తిగా ఒప్పుకోలేను.

రిపేర్‌బెంచ్ తమ్ముడూ ఒకటి చెప్పు. మా బావమరిది దగ్గర పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటుంది, కిందపడి గ్లాస్ పగిలింది, కుడివైపు అంచున టచ్ పనిచేయదు. బాగు చేయించొచ్చా, దండగా?

రిపేర్‌బెంచ్
టచ్ కూడా పోయిందంటే గ్లాస్ ఒక్కటే మారిస్తే కుదరదు అన్నా, డిస్‌ప్లే కాంబో (గ్లాస్, టచ్, స్క్రీన్ కలిపి) మొత్తం మార్చాలి. ఖర్చు పెట్టేముందు ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంతో చూడండి, సెట్టింగ్స్‌లో, చాలా ఫోన్లలో అన్నిటికంటే కింద, "ఫోన్ గురించి" అని ఉంటుంది. మరీ పాతదైతే గ్రూపు యాప్ ఇవాళ ఎక్కినా రేపు ఆపేస్తారు, 2020 ఫిబ్రవరిలో ఆండ్రాయిడ్ 2.3.7, దానికంటే పాతవాటికి వాట్సాప్ అలాగే ఆపేసింది. మోడల్ నంబర్, వెర్షన్ ఇక్కడ రాయండి, పార్ట్ దొరుకుతుందో లేదో చూసి చెప్తా.

బొత్తాంఫోన్
సాయంత్రం అమ్మాయిని చూడమని చెప్పి రాస్తా. దానికే బాగా తెలుసు ఇవన్నీ.