చెసపీక్ బేలో తెలుగువాళ్ళ సెయిల్‌బోట్లన్నీ ఒకరోజు కలవాలంటే ఎలా? సలహాలు కావాలి

ప్రశ్న (అమెరికాలో మేరీలాండ్, అనాపొలిస్; 27 అడుగుల కాటలీనా సెయిల్‌బోటు)

అందరికీ నమస్కారం. బ్యాక్ క్రీక్‌లో మా బోటు పెట్టుకుని రెండేళ్ళయింది. చుట్టుపక్కల మరీనాల్లో (బోట్లు కట్టుకునే రేవుల్లో) తెలుగు మాట వినిపించిన చోటల్లా ఆగి పలకరించగా పలకరించగా మొత్తం ఏడు బోట్లు లెక్క తేలాయి. అన్నీ 22 నుంచి 34 అడుగుల లోపువే. ఎవరికి వాళ్ళం శనివారం వస్తాం, తెరచాప ఎత్తుతాం, తిరిగొచ్చి ఇంటికెళ్ళిపోతాం. ఈ వేసవిలో ఒక్కసారైనా అందరం ఒకచోట చేరి భోంచేద్దామని మా ఆవిడ మొదలుపెట్టింది. ఇప్పుడు భారం నా నెత్తిన పడింది.

పిల్లలతో కలిపి ఇరవైమందిమి. పోటీలు, బహుమతులు, బ్యానర్లు ఏమీ వద్దు. జులై మధ్యలో ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి చేరి, బోట్లన్నీ పక్కపక్కన కట్టేసి, సూర్యాస్తమయం చూసి, రాత్రి భోజనం చేసి వెనక్కి వద్దామని నా ఆలోచన. సెయింట్ మైకేల్స్ ఊరు బాగుంటుందని ఒకరన్నారు. మెనూ దాదాపు ఖాయం. మిగతావి చెప్పండి. ఏడు బోట్లూ ఒకే లంగరు మీద నిలుస్తాయా?

జవాబు (30 అడుగుల బోటు, పద్నాలుగేళ్ళుగా ఇక్కడే)

మెనూ ఖాయమై చోటు ఖాయం కాకపోవడం మన ఇళ్ళల్లో మామూలే గానీ, నీళ్ళ మీద దాన్ని తిరగెయ్యాలండీ. ముందు విడిపోయే టైము పెట్టుకోండి. మిగతావన్నీ దాన్నిబట్టే తేలతాయి.

ఇక్కడ ఎండాకాలం ఉరుములు, పిడుగులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, పడమటి వైపు నుంచి వస్తాయి. పొద్దున నీలంగా ఉన్న ఆకాశం మూడు, నాలుగింటికల్లా నల్లబడుతుంది. మీరు కలుద్దామనుకున్న టైము సరిగ్గా అదే. కాబట్టి రాత్రి భోజనం మాట మర్చిపోయి మధ్యాహ్న భోజనం పెట్టుకోండి. పదకొండుకి చేరండి, మూడింటికి తాళ్ళు విప్పెయ్యండి. ఆ మూడు అన్నది అందరికీ ముందే చెప్పాలి. "ఇంకో పావుగంట, కాఫీ తాగి వెళ్దాం" అనే మాట మన పెళ్ళిళ్ళలో చెల్లుతుంది, బేలో చెల్లదు.

సెయింట్ మైకేల్స్ నిజంగానే బాగుంటుంది. కానీ అది బేకి తూర్పు ఒడ్డు. మన బోట్లతో ఒక్కరోజులో వెళ్ళి, తిని, తిరిగి రావాలంటే రోజంతా చుక్కాని పట్టుకునే కూర్చోవాలి. రోడ్ రివర్ చూడండి. బ్యాక్ క్రీక్ నుంచి దాదాపు 10 నాటికల్ మైళ్ళు. మూడు వైపులా చెట్లు, అడుగున బురద, లంగరు చక్కగా పట్టుకుంటుంది. మీ గుంపులో అన్నిటికంటే నిదానంగా నడిచే 22 అడుగుల బోటుకి 4 నాట్లు, అంటే గంటకి 4 నాటికల్ మైళ్ళు లెక్క వేసుకోండి. ఇంజిన్ మీదైతే రెండున్నర గంటలు. వేసవిలో గాలి ఎక్కువగా దక్షిణం నుంచే వస్తుంది, అంటే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి. అటూ ఇటూ మళ్ళుకుంటూ తెరచాప మీదే వెళ్తానంటే నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది, అలిసిపోయిన పిల్లలకి అదే మేలు.

దారిలో థామస్ పాయింట్ లైట్‌హౌస్ వస్తుంది. 1875లో కట్టిన ఆరు పలకల చెక్క ఇల్లు, ఇనుప కాళ్ళ మీద నీళ్ళ మధ్యలో నిలబడి ఉంటుంది. పిల్లలు ఫొటోలు తీసుకుంటారు. దానికి, ఒడ్డుకి మధ్య నుంచి దగ్గరి దారి కనబడుతుంది, లోకల్ మోటర్ బోట్లు దూసుకుపోతుంటాయి కూడా. అక్కడ లోతు తక్కువ, మీ కీల్ (బోటు అడుగున నీళ్ళలోకి దిగి ఉండే రెక్క) నాలుగడుగులుంటుంది, వాళ్ళని చూసి మీరు వెళ్ళకండి. లైట్‌హౌస్‌కి తూర్పు నుంచే తిరగండి.

ఇక నెల. జులై, ఆగస్టుల్లో గాలి చచ్చిపోతుంది, నీళ్ళ నిండా జెల్లీఫిష్. నీళ్ళలో ఉప్పు పెరిగేకొద్దీ అవి పెరుగుతాయి. వసంతంలో వానలు బాగా కురిసిన ఏడు కాస్త తక్కువ. పిల్లలు ఈత కొట్టాలంటే జూన్ మధ్యకి జరపండి. జులై 4 వారాంతం మాత్రం వద్దే వద్దు. ఆ రోజు లంగరు వెయ్యడానికి చోటు దొరకడం అంటే సంక్రాంతికి విజయవాడ రైల్లో సీటు దొరకడమే.

జవాబు (34 అడుగుల బోటు, బాల్టిమోర్ వైపు)

లంగరు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఒకసారి తప్పు చేసి నేర్చుకున్నవాణ్ణి.

ఏడు ఒకే లంగరు మీద వద్దు. నాలుగు, మూడుగా రెండు గుంపులు చేసుకోండి, మధ్యలో ఖాళీ వదలండి. ఒక్కో గుంపులో అన్నిటికంటే బరువైన బోటు ముందు వెళ్ళి లంగరు వేస్తుంది, మిగతావి దాని పక్కన అటొకటి ఇటొకటిగా చేరతాయి. లోతు 8 అడుగులు, నీటి మట్టం నుంచి మీ ముందు భాగం ఎత్తు 4 అడుగులు అనుకుంటే మొత్తం 12. దానికి ఏడు రెట్లు, అంటే 84 అడుగుల తాడు వదలాలి. ఒక్క బోటుకి, ఒక పూటకి ఐదు రెట్లు వదిలినా సరిపోతుందేమో గానీ, నాలుగు బోట్ల బరువు ఒక్క లంగరు మీద వేలాడుతున్నప్పుడు పిసినారితనం పనికిరాదు. వేశాక ఇంజిన్ రివర్స్‌లో పెట్టి లాగి, జారట్లేదని తేల్చుకున్నాకే రెండో బోటుని పిలవండి.

వచ్చే ప్రతి బోటూ రెండు వైపులా మూడేసి ఫెండర్లు (బోట్లు ఒరుసుకోకుండా వేలాడదీసే గాలి దిండ్లు) ముందే దింపుకుని రావాలి. ముందు తాడు, వెనక తాడు, వాటితోపాటు ముందుకీ వెనక్కీ జారకుండా ఏటవాలుగా కట్టే స్ప్రింగ్ లైన్లు రెండు. ఎవరూ బోటుని ఆపడానికి కాలు అడ్డం పెట్టకూడదు. ఇది మీ బావమరిదికి రెండుసార్లు చెప్పండి. ప్రతి గుంపులో ఒక బావమరిది ఉంటాడు.

ఇప్పుడు నా తప్పు. మూడు బోట్లు కట్టాం, మాస్టులు (తెరచాప స్తంభాలు) మూడూ సరిగ్గా ఒకే వరసలో నిలబడ్డాయి. చూడ్డానికి ముచ్చటగా ఉందని ఫొటో కూడా తీశాను. దూరంగా పెద్ద మోటర్ బోటు ఒకటి వెళ్ళింది, ఎవరం పట్టించుకోలేదు. అది కనుమరుగయ్యాక దాని అల వచ్చింది. మా బోటు ఎడమకి ఒరిగితే పక్కది కుడికి ఒరిగింది. నెత్తి మీద టంగుమని శబ్దం. మాస్టుకి అడ్డంగా ఉండే స్ప్రెడర్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. చివరనుండే రబ్బరు తొడుగు ఊడి కేబిన్ పైకప్పు మీద, పెరుగన్నం గిన్నెకి జానెడు దూరంలో పడింది. బోట్లు మళ్ళీ నిటారుగా అయ్యాక వాటంతట అవే విడిపోయాయి గానీ, ఆ రోజు ఎవరికీ అన్నం సహించలేదు. అప్పట్నుంచి నేను తాళ్ళు బిగించేముందు తల పైకెత్తి చూస్తాను. మాస్టు పక్కన మాస్టు రాకుండా పక్క బోటుని మూడు, నాలుగడుగులు ముందుకో వెనక్కో జరిపి కట్టాలి, అంతే.

ఒకరి బోటు మీంచి ఇంకొకరి బోటుకి వెళ్ళేటప్పుడు ముందు వైపు నుంచి దాటండి. కాక్‌పిట్, అంటే వెనక కూర్చుని బోటు నడిపే చోటు, వాళ్ళ హాలు లాంటిది. చెప్పులు సంచీలోకి.

జవాబు (అడిగినాయన పక్క మరీనాలోనే ఉంటాం)

అన్నయ్యగారూ, మెనూ ఖాయమన్నారు, అందులో మిర్చి బజ్జీ ఉంటే తీసెయ్యండి. లంగరేసిన బోటు మీద మరిగే నూనె అన్న మాటే నాకు కడుపులో తిప్పుతుంది. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, చపాతీలు, ఉడికించిన గుడ్లు, పుచ్చకాయ. బోటుకో ఐటెం. స్టీలు క్యారేజీల్లో, మూత బిగించి. ఐసు ముక్కలు కాకుండా దిమ్మ తెచ్చుకుంటే సాయంత్రం దాకా ఆగుతుంది.

పులిహోర తినేటప్పుడు కింద పాత తువ్వాలు పరచండి. తెల్లటి ఫైబర్‌గ్లాస్ మీద పసుపు పడితే ఎంత తోమినా పోదు. పోయిన ఏడు నేను సబ్బు, సోడా, నిమ్మకాయ అన్నీ వాడి విసిగి వదిలేశాను. ఎండే లాగేసింది, నాలుగు రోజుల్లో. ఎండ తగలని మూల సీటు కింద మాత్రం ఇప్పటికీ ఉంది.

పిల్లల సంగతి. బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్ళ లోపు పిల్లలు కేబిన్ లోపల లేకపోతే లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలి. మేరీలాండ్ చట్టం ఇది 21 అడుగుల లోపు బోట్లకే చెప్తుంది గానీ, మన బోట్లలోనూ పాటిద్దాం. లంగరు వేశాక చట్టం అడగదు, నేను మాత్రం ఈత రానివాళ్ళకి తీయనివ్వను. జాకెట్ కొలత వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. 30 పౌండ్ల లోపు ఒకటి, 30 నుంచి 50 ఒకటి, 50 నుంచి 90 ఒకటి. "పెరుగుతాడులే" అని ఒక సైజు పెద్దది కొనడం స్కూలు యూనిఫాంకి సరే గానీ, వదులు జాకెట్‌లోంచి పిల్లాడు జారిపోతాడు. పెద్దవాళ్ళకి కూడా మనిషికొకటి బోటులో ఉండాలి, చుట్టాలు వస్తున్నారంటే ముందే లెక్కపెట్టుకోండి. చున్నీలు ఇంట్లో పెట్టి రండి. వించ్‌లో (తెరచాప తాళ్ళు బిగించే గిర్రలో) చుట్టుకుంటే అంతే.

బాత్రూం మాట ఎవరూ అడగరు, అందరికీ అదే టెన్షన్. ఇరవైమందికీ ఒకే బోటు టాయిలెట్ అంటే ట్యాంకు మధ్యాహ్నానికే నిండుతుంది. అది నీళ్ళలోకి వదలడం నేరం. ప్రతివాళ్ళూ ముందురోజే మరీనాలో పంపౌట్ చేయించుకుని (ట్యాంకు తోడించుకుని) ఖాళీ ట్యాంకుతో రావాలి, ఎవరిది వాళ్ళు వాడుకోవాలి. పంపు ఎలా కొట్టాలో కొత్తవాళ్ళకి చూపించండి, సిగ్గుపడితే తర్వాత బాధపడేది మనమే.

పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఏ బోటు ఇంజిన్ గానీ జనరేటర్ గానీ నడవకూడదు. ప్రొపెల్లర్ ఒక్కటే కాదు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, కట్టేసిన బోట్ల మధ్య సందుల్లో అది నిలిచిపోతుంది. వాసన కూడా తెలీదు. నిచ్చెన ముందు దించి, ఆ తర్వాతే పిల్లల్ని దించండి. నిచ్చెన దించకుండా బోటు మీంచి దూకిన మా వారిని ఎక్కించడానికి ముగ్గురం పట్టాం.

జవాబు (బోటు అమ్మేసినవాణ్ణి)

అసలు కట్టుకోవడం ఎందుకండీ? రోడ్ రివర్ పక్కనే వెస్ట్ రివర్, దాని ఒడ్డున గేల్స్‌విల్ ఉంది. బోట్ల వాళ్ళు బోట్లలో, కళ్ళు తిరిగేవాళ్ళు, అమ్మమ్మలు, నాలాంటివాళ్ళు కార్లలో వస్తే నేల మీద కూర్చుని తినొచ్చు. తాళ్ళు లేవు, స్ప్రెడర్లు లేవు. ఒక్క జాగ్రత్త. మరీనా డాకుల దగ్గర మాత్రం ఎవర్నీ ఈతకి దిగనివ్వకండి. కరెంటు వైర్లు ఎక్కడైనా లీకైతే నీళ్ళలో ఉన్నవాళ్ళ కండరాలు పట్టేస్తాయి, అరవడానికి కూడా వ్యవధి ఉండదు.

అడిగినవారి మాట

అందరికీ ధన్యవాదాలు. నీళ్ళ మీదే చేస్తాం, లేకపోతే మా ఆవిడ ఒప్పుకోదు. జూన్ మూడో శనివారం, రోడ్ రివర్, పదకొండు నుంచి మూడు. బజ్జీలు తీసేశాను. రెండే ప్రశ్నలు. వెళ్ళాలా వద్దా అన్నది ఎవరు తేల్చాలి? మాట్లాడుకోవడానికి ఫోన్లు చాలా?

జవాబు (30 అడుగుల బోటు)

తేల్చేది ఒక్కరే, అది మీరే. శుక్రవారం రాత్రి ఎనిమిదికి నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ) వాళ్ళ మెరైన్ ఫోర్‌కాస్ట్ చూడండి, మన భాగం "శాండీ పాయింట్ నుంచి నార్త్ బీచ్ వరకు" అని ఉంటుంది. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ (చిన్న బోట్లకి గాలి, అలల హెచ్చరిక) ఉంటే ఆ రాత్రే రద్దు. ఓట్లు పెట్టొద్దు, ఓట్లు పెడితే పులిహోర కలిపేసిన ఇల్లు ఎప్పుడూ "వెళ్దాం" అనే అంటుంది. రద్దయితే వండింది తీసుకుని అందరూ ఎవరింట్లోనో కలవండి.

ఫోన్లు చాలవు. తడి చేతులు, ఎండలో కనపడని తెర. బోటు రేడియోలో (వీహెచ్‌ఎఫ్) 16వ ఛానెల్ వింటూ ఉండండి, అది పిలుపులకి, ఆపదకి మాత్రమే. కబుర్లకి 68కో 72కో మారండి. మనం తెలుగులో మాట్లాడినా 16 మీద కబుర్లు కబుర్లే.

విప్పేటప్పుడు చివరి బోటు ముందు వెళ్ళాలి, లంగరున్నది ఆఖరు. ఈ వరస అన్నం తినకముందే చెప్పేయండి.

అడిగినవారి మాట (తర్వాతి సోమవారం)

అయింది. ఏడనుకుంటే ఐదు వచ్చాయి. ఒకటి ఇంజిన్ స్టార్ట్ కాక ఆగింది, ఇంకొకాయన ఇంటికి చుట్టాలొచ్చారు. ఐదూ కలిపి కట్టలేదు, మూడు, రెండుగా కట్టాం.

పొద్దున గాలి సున్నా, అందరం ఇంజిన్ల మీదే వెళ్ళాం. 22 అడుగుల వాళ్ళు రెండు గంటల ముందే చేరారు, ఎందుకంటే వాళ్ళకి భయం వేసి ఆరున్నరకే బయల్దేరారట. నేను లంగరు వెయ్యడానికి చోటు వెతుక్కుంటూ ఒడ్డుకి మరీ దగ్గరగా వెళ్ళి బురదలో దిగబడ్డాను. బోటు మెత్తగా, ఎవరో చేత్తో పట్టుకున్నట్టు ఆగిపోయింది. ఉన్న ఐదుగురం ఒక పక్కకి వెళ్ళి కూర్చుంటే బోటు ఒరిగి కీల్ లేచింది, రివర్స్‌లో బయటపడ్డాం. పెద్దబ్బాయి వీడియో తీశాడు, అది ఇప్పటికే మా ఊళ్ళో నాన్నగారి దాకా చేరింది.

రెండూ నలభైకి పడమర చెట్ల మీద మబ్బు పట్టింది. ఎవరూ కాఫీ అడగలేదు. చివరి బోటు నుంచి మొదలుపెట్టి విప్పేశాం. వాన థామస్ పాయింట్ దాటాక పట్టుకుంది, మెరుపులు మాత్రం మాకు దక్షిణంగా వెళ్ళిపోయాయి.

అక్కగారూ, తువ్వాలు పరిచాం. మా బావమరిది తువ్వాలు లేని చోట కూర్చున్నాడు. ఎడమ సీటు మీద అరచెయ్యంత పసుపు. ఈ వారమంతా ఎండ ఉంటుందంటున్నారు, కవరు తీసేసి వచ్చాను.