"పసులున్ విఱిగినవి": వెనక్కి తిరగడమా, జబ్బు పడడమా?

శ్రీనివాసులు (ఉదయగిరి):
యుద్ధంలోంచి పారిపోయి ఇంటికొచ్చిన ఖడ్గతిక్కనను దెప్పుతూ తల్లి చెప్పిన కందంలో చివరి పాదం ఈమధ్య బుర్రలోంచి పోవడం లేదు. "పసులున్ విఱిగినవి తిక్క పాలున్ విఱిగెన్". పైన "మసిపుచ్చక" అని ఉంది, "కసవు మేయబోయిన" అని ఉంది, మిగతాది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. నా పని గొడ్లతో. గాలికుంటు తగిలిన ఊళ్ళో పొద్దున మేతకు పోయిన ఆవు సగం దారిలోంచే కుంటుకుంటూ తిరిగొస్తుంది. సొంగ తీగలు తీగలుగా నేలదాకా వేలాడుతుంటుంది, గిట్టల సందున పుండు, ఒళ్ళు కాలిపోతుంటుంది. పాలు ఒక్కసారిగా పడిపోతాయి, పొదుగువాపు కూడా తోడైతే పితికిన పాలల్లో పలుకులు కనబడతాయి. మేతకు పోయిన పసులు విరగడం, పాలు విరగడం రెండూ ఒకే పాదంలో పక్కపక్కన ఉంటే నాకు ఇదే తోస్తోంది. "విఱుగు"కు పశువుల విషయంలో "జబ్బుపడి కూలడం" అనే అర్థం పాత తెలుగులో ఎవరైనా చూశారా?

రమణమ్మ (కావలి):
ముందు పద్యం పూర్తిగా పెడతాను, ముక్కలతో అర్థం చెప్పుకోకూడదు.
అసదృశముగ నరివీరుల
మసిపుచ్చక విఱిగివచ్చు మగపందక్రియన్
గసవున్ మేయఁగఁ బోయిన
పసులున్ విఱిగినవి తిక్క పాలున్ విఱిగెన్
ఇందులో విరగడం మూడుసార్లు ఉంది, పద్యం బలమంతా అక్కడే. యుద్ధంలోంచి కొడుకు వెన్నిచ్చి వచ్చాడు, అది ఒక విరగడం. మేతకు పోయిన పసులు చెదిరి వెనక్కి వచ్చాయి, అది రెండోది. విస్తట్లో పోసిన పాలు విరిగాయి, అది మూడోది. "క్రియన్" అంటే "లాగా" అని కదా, పసులు ఆ పిరికిపందలాగే విరిగాయంటోంది తల్లి. పందకు జబ్బు చేయలేదు, వాడు పారిపోయి వచ్చాడు. కాబట్టి పసులకూ ఇక్కడ జబ్బు లేదు. ఇంక వెతకాల్సిన పని లేదనుకుంటాను.

మాల్యాద్రి (కనిగిరి):
మేడమ్, అర్థం సంగతి తర్వాత, రెండో పాదం చివర నాకు ఎప్పటినుంచో అనుమానం. "మగపందక్రియన్" అని రాశారు. క్రి సంయుక్తం, దాని ముందున్న ద గురువు కావాలి. అప్పుడు చివరి గణం రగణం అవుతుంది, కందంలో రగణానికి చోటెక్కడిది? "మగపందగతిన్" అని ఎవరైనా విన్నారా? అదైతే సగణం, చక్కగా కుదురుతుంది.

సుజాత (ఒంగోలు):
మాల్యాద్రి గారూ, పంద తెలుగు మాట, క్రియ సంస్కృతం. తెలుగు మాట వెనక సంయుక్తంతో మొదలయ్యే మాట వస్తే ముందు అక్షరం గురువు కానక్కర్లేదు, రెండూ సంస్కృత మాటలైన సిద్ధసమాసం అయితేనే ఆ ఊనిక. ద లఘువే, గణం సగణమే, పద్యం సరిగ్గానే ఉంది. "గతిన్" అని దిద్దితే గణం కుదురుతుందేమో గానీ "క్రియన్"లో ఉన్న కొరడా దెబ్బ పోతుంది.

శేషగిరి (దర్శి):
ఛందస్సు పక్కన పెట్టి అసలు కథలోకి రండి. ఆ యుద్ధమే పశువుల మేత గురించి. గొల్లల నాయకుడు కాటమరాజు కరువుకు తాళలేక శ్రీశైలం వైపు నుంచి మందల్ని తోలుకొని నెల్లూరు రాజు నల్లసిద్ధి బీళ్ళకు వచ్చాడు, పుల్లరి (మేత పన్ను) ఒప్పందం కుదిరింది, తర్వాత చెడింది, పాలేరు ఒడ్డున కొట్టుకున్నారు, ముందు వెన్నిచ్చి వచ్చిన ఖడ్గతిక్కన మళ్ళీ వెళ్ళి అక్కడే చనిపోయాడు. కరువులో బక్కచిక్కిన కొత్త మందలు అంత దూరం నుంచి వచ్చి ఊరి గొడ్లతో ఒకే మడుగులో నీళ్ళు తాగితే ఏమవుతుందో శ్రీనివాసులుకు తెలుసు, నాకూ తెలుసు. కాటమరాజు కథల్లో జబ్బు మాట ఉందని నేననడం లేదు. కానీ ఆ కాలపు తల్లి నోట "మేయబోయిన పసులు విరిగినవి" అన్న మాట ఊరికే ప్రాస కోసం రాలేదని నా నమ్మకం.

రమణమ్మ (కావలి):
నమ్మకం వేరు, పద్యం వేరు. చాటువు ఎవరు చెప్పారో, యుద్ధం అయిన ఎన్నాళ్ళకు చెప్పారో తేలకుండా ఆ తల్లి దొడ్లో ఏ జబ్బు వచ్చిందో చెప్పడం అవదు శేషగిరి గారూ. పద్యంలోది ఆమె గొంతే గానీ, పలికించింది కవి. అన్నట్టు "కసవు" చూడండి, పద్యంలో పచ్చి గడ్డి, ఇవాళ మన నెల్లూరులో "కసువు చిమ్మాను" అంటే ఊడ్చిన చెత్త. అంత దూరం జరిగింది మాట.

అనిల్ (పొదిలి, పశువైద్యం):
పద్యం గురించి పెద్దలు మాట్లాడుతున్నారు, నేను గాలికుంటు పేరులోని "గాలి" గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే పేరు చూసి రైతులు "గాలికొచ్చేదాన్ని ఆపేదేముంది" అని చేతులెత్తేయడం నేను రోజూ చూస్తున్నాను. గాలిలో వస్తుందన్నది అబద్ధం కాదు. 1981లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో పందులకు ఈ జబ్బు వస్తే, గాలివాటున సముద్రం దాటి ఇంగ్లండ్ పక్కనున్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఆవులకు తగిలింది, దాదాపు 250 కిలోమీటర్లు. పంది ఊపిరిలో వైరస్ విపరీతంగా వదులుతుంది, ఆవు వదిలేది తక్కువ గానీ చాలా కొద్దిపాటి మోతాదు పీల్చినా దానికి అంటుకుంటుంది. కానీ ఆ ప్రయాణానికి చల్లదనం కావాలి, గాలిలో తేమ 60 శాతానికి పైన ఉండాలి. మన కనిగిరి, పామూరు ఎండలకు, ఆ పొడిగాలికి వైరస్ ఎంతోసేపు బతకదు. ఇక్కడ దాన్ని మోసేది సంతలో కొన్న గొడ్డు, ఒకే తొట్టి, పాలు పితికే చెయ్యి, లారీ చక్రం, మన చెప్పులు. బొబ్బలు పైకి కనబడక ముందే పాలల్లో, ఊపిరిలో వైరస్ పోతుంటుంది కాబట్టి కుంటడం చూసి విడిగా కట్టేసరికే ఆలస్యం. అందుకే ఆరు నెలలకోసారి టీకా, కొత్త గొడ్డును కొన్నాళ్ళు వేరే పాకలో కట్టడం. దయచేసి పేరులోని గాలిని పట్టుకొని ఊరుకోవద్దు.

పెంచలయ్య (నెల్లూరు):
అనిల్, నువ్వు చెప్పిందే నా వాదనకు బలం. ఇక్కడ గాలితో రానప్పుడు మనవాళ్ళు గాలికుంటు అని ఎందుకంటారు? అది గాలి కాదు, కాలి. నోరు, కాలు కలిస్తే నోరుగాలు, కూర, కాయ కలిస్తే కూరగాయ అయినట్టు. నోరుగాలికుంటు అన్న పెద్ద మాటలో ముందున్న నోరు అరిగిపోయి గాలికుంటు మిగిలింది. జబ్బు నోటికీ కాలికీ వచ్చేదే కదా.

సుజాత (ఒంగోలు):
వినడానికి బాగుంది. నోరుగాలు అన్న మాట ఎక్కడైనా రాసి ఉందా, ఎవరి నోటైనా విన్నారా? గసడదవాదేశం ఉంది కదా అని లేని సమాసాన్ని పుట్టించలేం. నాకైతే "గాలి సోకింది" అనే వాడుకే దగ్గరగా కనబడుతోంది. కంటికి కనబడకుండా వచ్చి తగిలిన ప్రతిదాన్నీ మనవాళ్ళు గాలి అన్నారు. పసిబిడ్డకు సోకినా గాలే, గొడ్డుకు సోకినా గాలే.

మాల్యాద్రి (కనిగిరి):
సోకు మంచి మాట. తాకడం, తగలడం, అంటడం అన్నీ అందులో ఉన్నాయి. అనిల్ గారూ, గొర్రెలకు వచ్చే నీలి నాలుక జబ్బును మీ కరపత్రాల్లో అంటువ్యాధి అని వేస్తున్నారు, అది తప్పు కాదా? ఒక గొర్రె ఇంకో గొర్రెను అంటితే రాదని మీరే ఒకసారి చెప్పారు.

అనిల్ (పొదిలి, పశువైద్యం):
నిజమే, ఆ మాట మార్చాలి. నీలి నాలుకను మోసేది క్యూలికాయిడిస్ అనే పురుగు, మామూలు దోమలో సగం కూడా ఉండదు, మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్లు, దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. తడి పేడలో, బురదలో పుడుతుంది, పొద్దు గూకే వేళ, తెల్లవారుజామున కుడుతుంది. జబ్బు గొర్రె రక్తం తాగాక వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజలంలోకి చేరాలి, ఆ తర్వాతే ఇంకో గొర్రెకు ఎక్కించగలదు. ఈ పురుగు మోస్తుందని దక్షిణాఫ్రికాలో 1944లోనే తేల్చారు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానలకే ఎందుకు విరుచుకుపడుతుందో ఇప్పుడు అర్థమైంది కదా. ఇందులోనూ గాలి ఉంది సుజాత గారూ. 2007 ఆగస్టులో ఈ పురుగుల్నే గాలి సముద్రం మీదుగా తీసుకెళ్ళి ఇంగ్లండ్ తూర్పు తీరంలో పడేసింది. అక్కడ పిర్‌బ్రైట్ అనే చోట ఈ రెండు జబ్బుల మీదా పనిచేసే పరిశోధన సంస్థ ఉంది, ఏ రాత్రి గాలి ఎటు వీచిందో వాతావరణ లెక్కలతో వెనక్కి వెళ్ళి చూస్తారు. ఆవుల ముద్దచర్మం జబ్బు (లంపీ స్కిన్) కూడా అంతే, ఎక్కువగా కుట్టే ఈగలు, దోమలు మోసేదే. 2019లో మన దేశంలోకి వచ్చింది, 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఎంత నాశనం చేసిందో చూశాం.

శేషగిరి (దర్శి):
అయితే గాలికుంటు అంటుకునేది, నీలి నాలుక కుట్టించుకునేది. "కుట్టుడు రోగం" అంటే రైతుకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

రమణమ్మ (కావలి):
కుట్టుడు రోగం అంటే జబ్బే కుడుతుందనుకుంటారు. "పురుగుకాటు జబ్బు" అనండి, నిఘంటువు తెరవక్కర్లేదు.

పెంచలయ్య (నెల్లూరు):
పశువుల జబ్బు గురించి ఇంత మాట్లాడుతూ సహదేవుణ్ణి మర్చిపోయారే. విరాటుడి కొలువులో నిలబడి తన చేతి కింద ఆవులు ఇట్టే పెరుగుతాయి, వాటికి ఏ రోగమూ రాదు అంటాడు. మూలంలో "న తాసు రోగో భవతీహ కశ్చిత్". విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు మా పెన్న ఒడ్డున తిక్కన సోమయాజి రాసినవే. ఖడ్గతిక్కన ఆయన పెదనాన్న కొడుకే అని చెప్తారు. ఒక ఇంట్లో ఇద్దరు తిక్కనలు, ఒకరికి కలం, ఒకరికి కత్తి.

మాల్యాద్రి (కనిగిరి):
తిక్కన్నకు దండం పెడుతూనే చెప్తున్నా, పసుల కాపరుల బతుకు చూడాలంటే మా గుడ్లూరు ఎఱ్ఱన్న హరివంశం తెరవాలి. వ్రేపల్లెలో తోడేళ్ళ బెడదకు మందల్ని తోలుకొని బృందావనానికి వలస పోయే ఘట్టం చదవండి, మన గొల్లలు వేసవిలో మందలతో పోయే దారి కళ్ళకు కడుతుంది. ఇంకో సంగతి, సహదేవుడి మారుపేరు తెలుగులో తంత్రీపాలుడు అని చెప్తాం గానీ మూలంలో తంతిపాలుడు. తంతి అంటే దూడల్ని వరసగా కట్టే పొడుగు తాడు, మన దామెన. తంత్రిలోని ఆ రేఫ వీణ తంతులకు పనికొస్తుంది గానీ గొడ్ల పాకకు పనికిరాదు.

సుజాత (ఒంగోలు):
తంత్రికి కూడా తాడు అనే అర్థం ఉందండీ, రేఫ వల్ల పాడైందేమీ లేదు.

శ్రీనివాసులు (ఉదయగిరి):
రమణమ్మ గారి మాట ఒప్పుకుంటున్నా, క్రియన్ ఉంది కాబట్టి పసులు వెనక్కి తిరిగాయనే అర్థం. కానీ అవి ఎందుకు తిరిగాయో పద్యం చెప్పలేదు కదా. కాయడానికి పోయినవాడు పారిపోతే వాటిని వెనక్కి తోలుకొచ్చిందెవరు?

రమణమ్మ (కావలి):
శత్రువు మంద మీద పడితే ఎవరూ తోలక్కర్లేదు, పసులు తమంతటవే ఇంటి దారి పడతాయి. ఇంతకీ అందరూ తల్లి పద్యం పట్టుకొని కూర్చున్నారు, భార్య చెప్పిన కందంలో "ముగురాడవారమైతిమి" ఉంది చూడండి, ఆ ముగ్గురు ఎవరు? తల్లి, భార్య, మూడో ఆడది తిక్కనే అని అందరూ చెప్పే అర్థం. నాకూ అదే సరి అనిపిస్తుంది. "ముగురు"లో ఒక్క గకారమే ఎందుకని మాల్యాద్రి గారు మొదలుపెట్టేలోపు చెప్తున్నా, ఆ పద్యంలో ప్రాసాక్షరం గ. పగఱకు, నగరే, ముగురు, వగపు. ద్విత్వం పెడితే ప్రాస చెడుతుంది.

మాల్యాద్రి (కనిగిరి):
ప్రాస కోసమే అనకండి మేడమ్. "ముగురు" ప్రాసతో పనిలేని చోట కూడా పాత కావ్యాల్లో ఉన్న మాటే. "పగఱకు"లో శకటరేఫ ఉంది, "నగరే"లో మామూలు రేఫ. అసలు తేల్చాల్సింది అదీ.