ఉప ముఖ్యమంత్రికి పని రాసివ్వాలా, అక్కర్లేదా?

రాజోలు రైతు:
అందరికీ నమస్కారమండీ. పార్టీల గొడవ పక్కన పెట్టి నాకొక సంగతి చెప్పండి. ఉప ముఖ్యమంత్రి పదవికి ఫలానాది నీ పని అని కాగితం మీద రాసివ్వాలా, ఇప్పుడున్నట్టే వదిలేయాలా?

మా వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీరు తోటల్లోకి ఎక్కి, కొబ్బరి చెట్లు మొవ్వులు వాలిపోయి మోడులయ్యాయి. 2025 నవంబరులో పవన్ కల్యాణ్ గారు కేశనపల్లి వచ్చి చూశారు. వచ్చినందుకు సంతోషమే. కానీ ఆయన చేతిలో ఉన్నవి పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా, అటవీ, పర్యావరణం లాంటి శాఖలు. డ్రెయిన్లు జలవనరుల శాఖవి. దానికి మంత్రి పాలకొల్లు ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడు గారు. ఉప ముఖ్యమంత్రి హోదాలో పవన్ గారు ఆ జలవనరుల శాఖ ఇంజనీరుకి నేరుగా ఆర్డరు వేయగలరా? నాకు తెలిసి వేయలేరు, అడగగలరంతే. చెట్టు పోయినవాడికి ఇది చిన్న తేడా కాదండీ. దేశవాళీ మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది.

అమలాపురం ప్లీడరు:
రైతు గారు అసలు ముడి పట్టుకున్నారు. రాజ్యాంగంలో ఈ పదవే లేదు. 163, 164 అధికరణాల్లో ముఖ్యమంత్రి ఉన్నారు, మంత్రులు ఉన్నారు, మధ్యలో ఇంకెవరూ లేరు. 1989లో దేవీలాల్ గారు ఉప ప్రధానిగా ప్రమాణం చేస్తే అది చెల్లదని కేసు వేశారు. ఆయన మంత్రే, ఉప ప్రధాని అన్నది పేరుకు తగిలించిన మాటే అని సుప్రీంకోర్టు తేల్చింది. 2024 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రుల మీద వేసిన పిటిషన్ కూడా దాదాపు ఇదే కారణంతో కొట్టేసింది. కాబట్టి పదవి తప్పూ కాదు, దానికి సొంత అధికారమూ లేదు.

నా మట్టుకు రాయకూడదనే అంటాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకే ఫైలు మీద ఇద్దరు పెద్దలు సంతకం పెట్టాలంటే కలెక్టరు ఎవరి మాట వినాలి? మంత్రివర్గమంతా కలిసి శాసనసభకు జవాబు చెప్పాలన్నది 164(2). అందులో చీలిక తెచ్చే ఏర్పాటు మంచిది కాదు.

తాడేపల్లిగూడెం విద్యార్థి:
మన గోదావరి జిల్లాలకు ఈ పదవి కొత్త కాదు. 2014లో చినరాజప్ప గారికి హోం శాఖతో, 2019లో పిల్లి సుభాష్ చంద్రబోస్ గారికి రెవెన్యూతో, ఏలూరు ఆళ్ల నాని గారికి వైద్య ఆరోగ్యంతో, 2022లో మా ఊరి కొట్టు సత్యనారాయణ గారికి దేవాదాయంతో ఇచ్చారు. 2019లో ఒకేసారి ఐదుగురు. వీళ్లందరికీ పని దొరికింది శాఖ వల్లే. పదవి మాత్రం ఒక ప్రాంతానికో ఒక వర్గానికో గుర్తింపుగా వచ్చింది. ఆ గుర్తింపును నేను తక్కువ చేయను. ఇన్నాళ్లూ పట్టించుకోని వర్గం మనిషి ముఖ్యమంత్రి పక్క కుర్చీలో కూర్చుంటే ఆ ఇళ్లలో పిల్లలు చూస్తారు.

1956 పెద్దమనుషుల ఒప్పందంలోనూ ఇదే ఉంది. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి అయితే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి, అటు నుంచి అయితే ఇటు నుంచి. నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యాక ఆ పదవి ఆరో వేలులాంటిదని నింపలేదు. 1953లో ప్రకాశం గారి దగ్గర ఉప ముఖ్యమంత్రిగా చేసింది ఆయనే. మాట తప్పారన్న బాధ తెలంగాణలో చాలా ఏళ్లు నిలిచింది. అధికారం లేని పదవే అయినా, ఇవ్వకపోతే అంత గాయమైంది.

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
ప్లీడరు గారూ, రెండు కత్తులంటున్నారు. నా అనుభవం వినండి. భీమవరం వైపు ఒక ఊళ్లో పనిచేసేవాణ్ణి. అక్కడ బోరు వేస్తే ఉప్పునీరే, చుట్టూ రొయ్యల చెరువులు. తాగడానికి ఆ మంచినీళ్ల చెరువే గతి. చెరువు పంచాయతీది, నింపే కాలువ ఇరిగేషన్ వాళ్లది. ఒక వేసవిలో చెరువు సగం కూడా నిండకుండానే కాలువ కట్టేశారు. ఈ ఆఫీసు ఆ ఆఫీసుకి ఉత్తరం రాయడం, వాళ్లు పైకి రాశామనడం, ఇంతే జరిగింది. ఊరంతా ట్యాంకర్ల దగ్గర బిందెలు పట్టుకుని నిలబడింది. ఆడవాళ్లు నన్ను అడిగితే తల దించుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్.

రెండు శాఖల మీదా మాట చెల్లే మనిషి ఒకరుండాలి. అన్నిటికీ ముఖ్యమంత్రి దగ్గరికే వెళ్లాలంటే మా ఊరి చెరువు వంతు ఎప్పటికి వస్తుంది? 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు కదా. అదంతా ఒకే శాఖ చేతిలో ఉంది కాబట్టి జరిగింది. శాఖల మధ్య పడే పని దగ్గరికొచ్చేసరికే బండి ఆగుతోంది.

అమలాపురం ప్లీడరు:
మాస్టారూ, మీ మాటకు నేను కొంత తగ్గుతాను. దీనికి రాజ్యాంగం మార్చక్కర్లేదు. 166(3) కింద గవర్నరు పేరుతో ప్రభుత్వ కార్యనిర్వహణ నియమాలు ఉంటాయి. ఏ పని ఏ మంత్రిదో వాటి ప్రకారమే పంచుతారు. డెల్టాలో తాగునీరు, మురుగు, ఉప్పునీటి పోటు, ఈ మూడింటి మీద శాఖలను కూర్చోబెట్టి గడువు పెట్టే బాధ్యత ఉప ముఖ్యమంత్రిది అని అందులో చేర్చవచ్చు. ఎవరికి ఇవ్వాలన్నది ముఖ్యమంత్రి ఇష్టం, కాబట్టి రెండో కత్తి అవదు. కానీ ఐదుగురు ఉప ముఖ్యమంత్రులుంటే ఐదుగురికీ రాయకండి. ఒక్కరికే రాయాలి.

తాడేపల్లిగూడెం విద్యార్థి:
ఒక్కరికే అంటే మిగతా ప్రాంతాల గుర్తింపు పోతుందండీ. అక్కడ మాత్రం నేను ఒప్పుకోను.

రాజోలు రైతు:
బాబూ, నీ మాట కొట్టిపారేయను. కానీ మా తోటలో కొబ్బరికాయల దింపు లేక రెండేళ్లయింది. నాకు గుర్తింపు కంటే ముందు ఆ డ్రెయిన్ పూడిక తీయించే మనిషి కావాలి. ప్లీడరు గారూ, ఆ 166(3) సంగతి తేలిక తెలుగులో అరపేజీ రాసి ఇక్కడ పెట్టండి. వచ్చే గ్రామసభలో చదివి తీర్మానం పెట్టిస్తాను. కార్యదర్శి గారు తీర్మానం ఎలా రాయాలో చూసి పెడితే చాలు.