మిర్చి ధరకు మంచి ఇన్‌స్ట్రుమెంట్ దొరకనప్పుడు డిమాండ్ రేఖను అంచనా వేయవచ్చా? (చర్చలో పాల్గొన్నవారి మారుపేర్లు: సమీకరణం, తేజ రకం, నారుమడి, శేషపదం)

సమీకరణం: గుంటూరు మిర్చి యార్డు నెలవారీ ధరలు, రాబడులతో (యార్డుకు వచ్చిన సరుకు పరిమాణాలతో) డిమాండ్, సప్లయ్ సమీకరణాలను అంచనా వేస్తున్నాను. ధర, పరిమాణం ఒకదాన్నొకటి నిర్ణయించుకుంటాయి కనుక సాధారణ రిగ్రెషన్ చాలదు. వర్షపాతాన్ని ఇన్‌స్ట్రుమెంటుగా, అంటే సప్లయ్‌ను మాత్రమే కదిలించి డిమాండ్‌ను నేరుగా తాకని చలరాశిగా, పెడితే మొదటి దశ ఎఫ్ విలువ (ధరతో దాని సంబంధం ఎంత బలమైనదో చెప్పే కొలత) పదికి చాలా దిగువన ఉంది, అంటే బలహీనం. ఏం చేయాలి?

తేజ రకం: వర్షం బలహీనమే కాదు, చెల్లదు కూడా. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే రంగు పోయి తాలు అవుతుంది. వ్యాపారి గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని చూసి ధర తగ్గిస్తాడు. అంటే వర్షం సప్లయ్‌తో పాటు డిమాండ్ రేఖనూ జరుపుతోంది.

నారుమడి: గత ఏడాది ధరను పెట్టండి. రైతు దాన్ని చూసే నారు పోస్తాడు.

తేజ రకం: వ్యాపారి నిల్వలూ ఆ ధరను బట్టే ఉంటాయి కదా, అంటే అదీ డిమాండ్‌ను కదిలిస్తుంది.

శేషపదం: ఇన్‌స్ట్రుమెంటే కావాలని పట్టుబట్టడం ఎందుకు? ఆర్థికవేత్త రిగోబాన్ 2003లో చూపిన దారి ఉంది: ఒడిదుడుకులు వేర్వేరుగా ఉన్న రెండు కాలాలను పోల్చడం. కోతల నెలల్లో రాబడి ఒడిదుడుకులు ఎక్కువ, తర్వాత తక్కువ. ఒక్కో కాలం నుంచి ధర, పరిమాణాల రెండు వేరియన్సులు (ఒడిదుడుకుల కొలతలు), ఒక కోవేరియన్స్ (రెండూ కలిసి కదిలే తీరు), మొత్తం ఆరు సంఖ్యలు వస్తాయి. తెలియనివి కూడా ఆరే: రెండు వాలులు (ధరకు డిమాండ్, సప్లయ్ స్పందించే తీరు), కాలానికి రెండేసి దోషపదాల (సమీకరణం వివరించలేని మిగులు భాగాల) వేరియన్సులు.

తేజ రకం: రెండు కాలాల్లోనూ వాలులు మారకూడదన్న షరతును మీరు చెప్పలేదు. ఏప్రిల్‌లో అప్పు తీర్చడానికి అమ్మే రైతూ, ఆగస్టులో శీతల గిడ్డంగి అద్దె లెక్క చూసుకుని అమ్మే రైతూ ధరకు ఒకేలా స్పందించరు. సప్లయ్ వాలు ఒక్కటి మారినా తెలియనివి ఏడవుతాయి.

శేషపదం: మనకు కావలసింది డిమాండ్ వాలు. అది మారదు.

తేజ రకం: లెక్కకు రెండూ కావాలి. నేను మళ్లీ అదే చెబుతున్నట్లుంది.

శేషపదం: మీకు ఏ పద్ధతీ నచ్చదు. నా సిద్ధాంత వ్యాసాన్ని కూడా ఒక పరీక్షకుడు ఇన్‌స్ట్రుమెంట్ లేదన్న ఒక్క మాటతో వెనక్కి పంపారు, రెండేళ్ల శ్రమ పోయింది. చేతిలో ఉన్న దత్తాంశంతో ఒక అంకె చెప్పలేని శాస్త్రం ఎవరికి పనికొస్తుంది?

తేజ రకం: అలాంటి అంకె వల్లే మా ఇల్లు దెబ్బతిన్నది. ఒక సలహాదారు ధర ఇంత పెరుగుతుందని ఒకే సంఖ్య చెబితే, మా నాన్నగారు మిర్చి టిక్కీలన్నీ (బస్తాలన్నీ) గిడ్డంగిలో పెట్టి, అద్దె, వడ్డీ కట్టి, కోతల నాటి ధర కన్నా తక్కువకు అమ్మారు. అంచనాకు ఎంత వెడల్పు ఉందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను పద్ధతులను కాదనడం లేదు, తెలిసినంత మేరకే చెప్పమంటున్నాను.

శేషపదం: అలాగైతే మన మధ్య తేడా పద్ధతి గురించి కాదు, ఒక అంకె చెప్పాలా, హద్దులు చెప్పాలా అన్నదే. హద్దులకు ఆర్థికవేత్త లీమర్ 1981లో ఇచ్చిన దారి ఉంది: డిమాండ్ వాలు రుణాత్మకం, సప్లయ్ వాలు ధనాత్మకం, దోషపదాల మధ్య సహసంబంధం లేదు అనుకుంటే, పరిమాణాన్ని ధర మీద వేసిన రిగ్రెషన్ వాలు రుణాత్మకంగా వచ్చినప్పుడు, అసలు డిమాండ్ వాలు దానికీ, ధరను పరిమాణం మీద వేసి తిరగేసిన వాలుకీ మధ్య ఉంటుంది.

సమీకరణం: నా వాలు రుణాత్మకమే. అయితే తాలు కాయ వల్ల ఆ సహసంబంధం షరతు చెడదా?

తేజ రకం: చెడుతుంది, వర్షం రెండు దోషపదాల్లోనూ ఉంది కనుక. అందుకే వర్షపాతాన్ని ఇన్‌స్ట్రుమెంటుగా కాక రెండు సమీకరణాల్లోనూ వివరణ చలరాశిగా పెట్టండి. తాలు ధరలను విడదీసి, మేలు రకం తేజ మిర్చి ధరలతోనే హద్దులు కట్టి చూడండి.